తెర ముందటివారి మాట

ఒకప్పుడు తెర యనగా నాటకశాలలోనే యుండెడిది. నేడది మన యరచేతిలోనికి వచ్చినది. గ్యాసుబండ కావలెనన్నను, కరెంటు బిల్లు కట్టవలెనన్నను, పిల్లల బడి రుసుము చెల్లింపవలెనన్నను, బ్యాంకులో సొమ్మెంత మిగిలినదో చూడవలెనన్నను ఫోను తెరనే యాశ్రయింపవలసి వచ్చుచున్నది. ఒకచోట నొక్కవలసినదానిని మరియొకచోట నొక్కి, పని చెడి, "ఇవన్నీ మాబోటివాళ్లకు తెలియవమ్మా" యని ఫోనును కొడుకు చేతికో మనుమరాలి చేతికో ఇచ్చివేయు గృహిణులను మన మందరము చూచుచునే యున్నాము. ఇంటి జమాఖర్చులను నోటిలెక్కతో నడుపగలిగిన యిల్లాలు, పండుగనాడు నలువదిమందికి వండి వడ్డింపగలిగిన యిల్లాలు, జానెడు తెర ముందు తన్ను తాను తెలివితక్కువదానినని తలచుకొనుట మాకు మిక్కిలి కష్టముగా నున్నది. ఆ లోప మామెది కాదు. ఆ తెరను కట్టినవారు, కట్టుటకు ముందే అడుగవలసినవారిని అడుగలేదు. ఈ సంగతిని కొంత విపులముగా మనవి చేయుటకే యీ వ్యాసము.

మీలో పలువురి బిడ్డలు, తోబుట్టువులు సాఫ్ట్‌వేరు కొలువులలో నున్నారు. వారు చేయు పని యేమో మన కక్కరలేనిదని మనము వారిని అడుగము. చెప్పినను మనకు బోధపడదని వారు చెప్పరు. నిజమునకు ఆ పనిలోని తొలిభాగము మనకు బోధపడుటయే కాదు, మనము లేక చక్కగా జరుగదు కూడ.

సాఫ్ట్‌వేరు కట్టు విధములు పెక్కు గలవు. వానిలో మిక్కిలి వాడుకలోనున్నది ఆబ్జెక్టు పద్ధతి. ఈ పేరు విని బెదరవలసిన పనిలేదు. ఇంటివద్ద తండ్రిగారి యొద్ద తర్కసంగ్రహము చదువుకొన్న మాకిది దూరపు చుట్టమువలె కనబడినది. అన్నంభట్టు ఆ గ్రంథమున పదార్థములను ఏడుగా విభజించెను: ద్రవ్యము, గుణము, కర్మము, సామాన్యము, విశేషము, సమవాయము, అభావము. కుండ ద్రవ్యము; దాని రంగు గుణము; దాని కదలిక కర్మము; కుండలన్నిటియందును సమానముగా నుండు కుండతనము సామాన్యము. ఆబ్జెక్టు పద్ధతివారి యాలోచనయు నించుమించుగా నిట్టిదే. క్లాసు అనునది కుండతనము వంటిది; ఆబ్జెక్టు అనునది ఎదుటనున్న యీ కుండ. ప్రతి ఆబ్జెక్టునకు కొన్ని గుణములు, అది చేయగల కొన్ని పనులు ఉండును. శాస్త్రదృష్టితో చూచిన నీ పోలిక పూర్తిగా పొసగదు గాని, గడప దాటుటకు చాలును.

మన వాడలోని పొదుపు సంఘమునే చూడుడు. సభ్యురాలు అనునది ఒక క్లాసు. వీధి చివర ఇస్త్రీబండి నడుపుకొను నావిడ అందొక ఆబ్జెక్టు. పేరు, సంఘములో చేరిన తేది, ఇంతవరకు దాచుకొన్న సొమ్ము ఆమె గుణములు; పొదుపు కట్టుట, అప్పు తీసికొనుట, వాయిదా చెల్లించుట ఆమె పనులు. అట్లే అప్పు ఒక క్లాసు, వాయిదా ఒక క్లాసు. వీనినన్నిటిని కూర్చి, ఒకదానితో నొకటి మాటలాడునట్లు చేసినచో సంఘపు లెక్కల సాఫ్ట్‌వేరు తయారగును. ఇందు చిక్కెక్కడ ననగా, ఏవి క్లాసులు, వేనికి ఏ గుణములు, ఏ పని ఎవరిది యని నిర్ణయించుటలో. ఈ నిర్ణయము నగరములోని కార్యాలయమున గోడల నడుమ జరిగినచో, సంఘమునకు లేని వస్తువులు తెర మీదికి వచ్చును. ఉన్న వస్తువులు మాయమగును.

ఈ పద్ధతి పుట్టినింటి కథ విన్నచో నీ మాట మరింత తేటపడును. దీని పుట్టినిల్లు నార్వే దేశము. ఓస్లో నగరమున నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరునందు క్రిస్టెన్ నీగార్డ్, ఓలె-యోహాన్ డాల్ అను నిరువురు 1960 తరువాతి యేండ్లలో సిమ్యులా అను భాషను నిర్మించిరి. లోకములో జరుగు పనులను, వరుసలో నిలిచిన జనమును, యంత్రము నుండి యంత్రమునకు సాగు సరకును, కంప్యూటరులో అనుకరించి చూచుట దాని యుద్దేశము. 1967 నాటి సిమ్యులా 67 భాషలో క్లాసులు, ఆబ్జెక్టులు నెలకొన్నవి. ఇందులకై వారిరువురకును 2001వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది. 2002లో, రెండునెలలైన నిండని యెడముతో, ఇరువురును స్వర్గస్థులైరి.

ఆ నీగార్డుగారే 1970 తరువాతి తొలియేండ్లలో నార్వేలోని ఇనుము, లోహపు పనివారల సంఘముతో కలిసి పనిచేసిరి. కర్మాగారములలోనికి కంప్యూటర్లు వచ్చుచున్నప్పుడు, వానితో పనిచేయవలసిన శ్రామికుల కా విషయమున నోరుండవలెనని వారి పట్టుదల. ఈ బాటనే మరికొందరు ముందునకు సాగించిరి. 1981 మొదలు 1985 వరకు స్వీడన్, డెన్మార్కు దేశముల పరిశోధకులు అచ్చుపని కార్మికుల సంఘముతో గూడి యుటోపియా అను ప్రయత్నము చేసిరి. వార్తాపత్రిక పుటలను కూర్చువారికి ఎట్టి కంప్యూటరు పనిముట్లు కావలెనో తేల్చుట వారి పని. అట్టి యంత్రములు వారి చేతికింకను రాలేదు. అందుచే వారు అట్టతోను, చెక్కతోను, కాగితముతోను బొమ్మయంత్రములను చేసిరి. ఒక అట్టపెట్టె మీద లేజర్ ప్రింటరు అని వ్రాసి బల్లమీద పెట్టిరి. అచ్చుపనివారు ఆ బొమ్మల ముందు కూర్చుండి నిజముగా పని చేయుచున్నట్లే చేసి, ఇది ఇక్కడ పనికిరాదు, అది అక్కడ కావలెనని చెప్పిరి. చిన్నపిల్లలు బొమ్మరిల్లు కట్టి సంసారము నడుపునట్లే యని నవ్వవచ్చును. కాని బొమ్మరింటిలో పొయ్యి ఎక్కడనున్న వంటకు వీలుగా నుండునో తెలిసికొన్నవారు అసలింటిలో గోడ పగులగొట్టవలసిన యవస్థ పడరు.

ఆబ్జెక్టు పద్ధతిని తెచ్చిన చేయియు, పని చేయువారి మాట వినుమని చెప్పిన నోరును ఒకే మనుష్యునివని మనము మరువరాదు. మొదటిదానిని లోకమంతయు తీసికొన్నది. రెండవదానిని చాలమంది విడిచినారు.

నాటకమునకు రంగమున్నట్లే నేపథ్యమును ఉండును. ప్రేక్షకులు చూచునది రంగము. వేషములు కట్టునది నేపథ్యము. సాఫ్ట్‌వేరులోను ఈ విభాగమున్నది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయమున అలన్ కే, డాన్ ఇంగల్స్, విదుషీమణి అడెల్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు 1970 తరువాతి యేండ్లలో స్మాల్‌టాక్ అను ఆబ్జెక్టు భాషను పెంచిరి. దానిని బడిపిల్లల చేతికిచ్చి వారెట్లు వాడుదురో చూచిరి. 1978-79లో అచటికి అతిథిగా వచ్చిన నార్వే దేశీయుడు ట్రిగ్వే రీన్‌స్కౌగ్ మోడల్, వ్యూ, కంట్రోలర్ అను మూడు భాగముల యేర్పాటును చెప్పెను. మోడల్ అనగా లోపలి వస్తువులు, లెక్కలు. వ్యూ అనగా తెరమీద కనబడు రూపము. కంట్రోలర్ అనగా మన నొక్కుడులను, వ్రాతలను గ్రహించి లోపలికి చేర్చునది. మనిషి మనస్సులో తన పనిని గూర్చిన యొక చిత్రముండును. యంత్రము కడుపులో మరియొక చిత్రముండును. ఈ రెంటికి నడుమ వంతెన వేయుటయే తన యేర్పాటు పరమార్థమని ఆయన భావము. మనస్సులోని చిత్రమేదో తెలియనివాడు వంతెన ఎటువైపునకు వేయును?

ఇక మేము కన్నులార చూచిన ముచ్చట చెప్పెదము. మా పెద్దన్నగారి కుమార్తె సాఫ్ట్‌వేరు కొలువులో నున్నది. ఆ పిల్లయు స్నేహితురాండ్రు కొందరును పొదుపు సంఘముల కుపయోగించు నొక చిన్న యాపు కట్టవలెనని సంకల్పించిరి. సంక్రాంతి సెలవులకు మా యింటికి వచ్చినప్పుడు, "అత్తయ్యా, ఒక్క అక్షరం కోడు రాయకముందే మీ సంఘంవాళ్లకు చూపించాలి. ఐదుగురిని పిలుస్తారా?" అని యడిగెను. మేము పిలిచితిమి. ఇస్త్రీబండి యావిడ, కూరలమ్ము నావిడ, బడిలో మధ్యాహ్నభోజనము వండు నావిడ, సంఘపు లెక్కలు వ్రాయు నమ్మాయి, అరువదియైదేండ్ల మామ్మగారు వచ్చి మా వసారాలో చాపమీద కూర్చుండిరి. మా వారు బడి పుస్తకముల దొంతరనుండి తెల్లకాగితములు, పెన్సిళ్లు, రబ్బరు ఇచ్చి, తాము లోపలికి వెళ్లిరి. మగవారు నడుమ నుండినచో కొందరు నోరు విప్పరని వారికి తెలియును.

పిల్ల ఫోనంత కాగితములు కత్తిరించి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క తెరను చేతితో గీసినది. తానే కంప్యూటరుగా కూర్చుండినది. ఎవరైన కాగితముమీద వేలుపెట్టి నొక్కినచో, మాటలాడక, ఆ నొక్కుడునకు వచ్చు రెండవ కాగితమును ముందు పెట్టును. "ఈ నెల పొదుపు రెండువందలు కట్టండి" అని మాత్రమే చెప్పును. ఎక్కడ నొక్కవలెనో చెప్పదు.

మొదటి కాగితముమీద లావాదేవీలు, ప్రొఫైలు, నివేదికలు, సెట్టింగులు అని నాలుగు గడులున్నవి. కూరలమ్ము నావిడ కాగితమును అటునిటు త్రిప్పి, "ఇందులో నా పుస్తకం ఏదమ్మాయీ?" అనెను. తక్కిన నలుగురును అదియే వెదకుచుండిరి. సంఘములో ప్రతివారికిని ఒక పుస్తకమున్నది. కట్టిన ప్రతి రూపాయి అందులో పడును. వారి మనస్సులోని వస్తువు అది. లావాదేవి అను వస్తువు వారి లోకమున లేదు. పిల్ల రబ్బరుతో నాలుగు గడులను తుడిచి, 'నా పుస్తకం', 'సంఘం పుస్తకం' అని రెండు గడులు గీసెను. అటుపిమ్మట మామ్మగారు కూడ తడుముకొనలేదు.

రెండవ సంగతి ఇంకను లోతైనది. మధ్యాహ్నభోజనము వండు నావిడ, "పోయిన నెల ఇస్త్రీబండి వదిన వాయిదా నేను కట్టాను. అది ఎక్కడ రాయాలి?" అని యడిగెను. కంప్యూటరుగా కూర్చున్న పిల్ల యొద్ద ఆ ప్రశ్నకు కాగితము లేదు. ఆ పిల్ల చిన్న అట్టకార్డుల కట్టనొకదానిని కూడ తెచ్చుకొన్నది. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అనువారు 1989లో ప్రకటించిన పద్ధతి యది. ఒక్కొక్క క్లాసునకు ఒక్కొక్క కార్డు. పైన దాని పేరు, క్రింద ఒకప్రక్క దాని బాధ్యతలు, మరియొకప్రక్క దానికి తోడ్పడు ఇతర క్లాసుల పేర్లు. వాయిదా కార్డు తీసి చూడగా, అప్పు తీసికొన్నవారే వాయిదా కట్టుదురను నమ్మకము అందు దాగియున్నట్లు తేలినది. ఆ నమ్మకముతోనే యాపు తయారై యుండినచో, ఈవిడ చెమటోడ్చి కట్టిన సొమ్ము ఆవిడ ఖాతాలో కలిసిపోయి, చేబదులునకు సాక్ష్యము లేకపోయెడిది. ఆడవారి నడుమ ఎన్ని స్నేహములు ఇట్టి వ్రాయని చేబదుళ్లవలన చెడినవో మనకు తెలియనిది కాదు. పిల్ల కార్డుమీద 'అప్పు ఎవరిది', 'కట్టినది ఎవరు' అని రెండు వేరువేరుగా వ్రాసి, చేబదులు అను క్రొత్త కార్డునొకదానిని చేర్చెను. తెరమీద మొదలైన ప్రశ్న నేపథ్యములోని వస్తువునే మార్చివేసినది.

మూడవది డబ్బు సంగతి కాదు, మర్యాద సంగతి. వాయిదా దాటినవారి పేర్లు ఎఱ్ఱని యక్షరములతో సభ్యులందరి ఫోనులలోను కనబడునట్లు ఒక కాగితము గీయబడియున్నది. దానిని చూచి ఇస్త్రీబండి యావిడ తలవంచుకొనెను. అందరును ఒక్కక్షణ మూరకుండిరి. అప్పుడు మామ్మగారు, "అమ్మాయీ, బాకీ సంగతి మేం కూర్చుని మాట్లాడుకుంటాం. గోడకు అంటించం" అనెను. ఆ బాకీ అందరికిని తెలిసినదే. తెలియుట వేరు, ఇంటింట తెరమీద ఎఱ్ఱగా కనబడుట వేరు. పిల్ల ఆ కాగితమును నాలుగు ముక్కలుగా చింపివేసెను. ఎవరి బాకీ వారి పుస్తకములోనే కనబడవలెననియు, సమావేశమునాడు లెక్కలు వ్రాయు నమ్మాయి యొద్ద మాత్రమే జాబితా తెరువబడవలెననియు వారే తీర్మానించిరి.

గంటన్నరలో నింత జరిగినది. ఖర్చైనవి పదునాలుగు కాగితములు, ఒక రబ్బరు, రెండుసార్లు కాఫీ. కోడు వ్రాసిన తరువాత నీ మార్పులే చేయవలసివచ్చిన ఎన్నిదినములు పట్టునని మేమడుగగా, వాయిదాను ముట్టుకొన్నచో జమాఖర్చు, రసీదు, పుస్తకము అన్నియు కదలుననియు, వారములు పట్టుననియు పిల్ల చెప్పెను.

ఈ పరీక్షను ఎవరైనను చేయవచ్చును. దీని నియమములు కొన్ని మాత్రమే. తెరను రాజధానినుండి వచ్చిన శుభలేఖవలె ముస్తాబు చేయరాదు. పెన్సిలుతో మోటుగా గీయవలెను. ముస్తాబైన బొమ్మను చూచినచో పని పూర్తియైనదనుకొని, కష్టపడి చేసినవారి మనస్సు నొచ్చునని జనులు మెచ్చుకొని ఊరకుందురు. మోటుగీతను చూచినప్పుడే 'ఇది మార్చవచ్చు' నను ధైర్యము కలుగును. చూపువారు సాయము చేయరాదు. చూచువారు తడబడినచోటు గుర్తు పెట్టుకొనవలెను. అయిదుగురితో పరీక్షించినచో లోపములలో చాలభాగము, సుమారు 85 శాతము, బయటపడునని జేకబ్ నీల్సన్ అను పండితుడు 2000లో వ్రాసెను. ఆ యయిదుగురును ఒకే తీరువారై యుండరాదని మేము చేర్చుచున్నాము. మా చాపమీద మామ్మగారు లేనిచో ఆ యెఱ్ఱ యక్షరములు నిలిచిపోయి యుండెడివి.

పనిని చెప్పవలెను గాని మీటను చెప్పరాదు. లారీ కాన్‌స్టంటైన్, లూసీ లాక్‌వుడ్ అను దంపతులు 1999లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును బ్యాంకు ఏటీఎం దృష్టాంతముతో చక్కగా నిరూపించిరి. కార్డు దూర్చుట, అంకెలు నొక్కుట, జాబితాలో నొకదానిని ఎన్నుకొనుట యనునవి యంత్రపు చేష్టలు. మనిషి యుద్దేశము మూడుమాటలలో తేలును: నేనెవరో చెప్పితిని, ఎంత కావలెనో చెప్పితిని, సొమ్ము తీసికొంటిని. మొదట నుద్దేశమును పట్టుకొన్నవారికి మీటలు తరువాత వాటంతటవే అమరును.

బొమ్మలు గీయుటకు చిత్రకారులే కానక్కరలేదు. 1983లో ఆపిల్ సంస్థలో చేరి, 1984లో వెలువడిన మాకింటాషు కంప్యూటరునకు చిహ్నములు కల్పించిన సుసాన్ కేర్ గళ్లకాగితపు పుస్తకమున పని మొదలుపెట్టెను. అడ్డముగా 32, నిలువుగా 32, మొత్తము 1024 గళ్లు. ఒక్కొక్క గడిని నింపుటయో విడుచుటయో అంతే. అందులోనే కత్తెర, చేయి, కుంచె మొదలగునవి పుట్టినవి. చుక్కలు పెట్టి ముగ్గు వేయు చేతికిది క్రొత్త విద్య కాదు.

కాగితమునకు చేతకానివియు గలవు. ఎండలో తెర కనబడునా, సంకేతము అందని పల్లెలో నెంతసేపు వేచియుండవలెను, ముదిమి కన్నులకు అక్షరము చాలునా యను ప్రశ్నలకు కాగితము జవాబు చెప్పలేదు. వానికి నిజమైన ఫోనుతో మరల పరీక్ష కావలెను. అయినను ఏది ఎవరి మాట, ఏది ఎవరి సొమ్ము, ఏది పదుగురిలో చెప్పవచ్చును అను మూలప్రశ్నలకు కాగితమును మించినది మాకు కనబడలేదు.

"వాడగా వాడగా వాళ్లకే అలవాటవుతుంది" అని కొందరు వాదింతురు. అలవాటగుట నిజమే, ఇరుకు చెప్పునకు పాదమును అలవాటుపడును, కాయ కాచును. కొలత తీసి కుట్టుట చేతనైయుండగా కాయ లెందులకు?

కావున సోదరీమణులారా, మీ బిడ్డలు సెలవులకు వచ్చి, ఏదో క్రొత్తది కట్టుచున్నామని చెప్పినప్పుడు, "కోడు రాయకముందు మాకొకసారి గీసి చూపించండి" అని యడుగుడు. వారు కాగితము ముందు పెట్టినప్పుడు, "మాకేం తెలుసు" అను మాట నోట రానీయకుడు. మీకు తోచని గడియున్నచో తోచలేదని చెప్పుడు. మీ యింట నొకదాని నొక పేరుతో పిలుచుచున్నచో నా పేరే చెప్పుడు. ఏదైన నెవరి మనస్సునకైన నొప్పి కలిగించునని తోచినచో మామ్మగారివలె నిర్భయముగా నాడుడు. పెన్సిలుగీత యుండగా చెప్పిన మాట రబ్బరుతో తీరును. అది దాటిన తరువాత చెప్పిన మాటను వినువారు అరుదు.